భాండారి లెక్క

బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భాండారిగా నుండిన కాలమున కొందరు రాజు చెంతకు పోయి ఫిర్యాదు చేసిరి. రాజధనమును జంగమ దాసోహమునకు వెచ్చించుచున్నాడని వారి అభియోగము. రాజు బసవన్నను పిలిపించి లెక్క అడిగెను. బసవన్న కోపింపలేదు, తన నడవడిని శంకించితిరా యని నిష్ఠురములాడలేదు. ధనమును లెక్కింపజేసెను. లెక్కకు తక్కువ కాలేదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణము ఈ వృత్తాంతమును తెలుగువారికి అందించినది. 1369లో భీమకవి ఆ గ్రంథమును కన్నడమునకు తెచ్చెను. నాటినుండి రెండు భాషల భక్తుల ఇండ్లలోను ఈ కథ నిలిచియున్నది.

కథ చెప్పువారు సాధారణముగా మహిమను గూర్చియే చెప్పుదురు. దాసోహమునకు వెచ్చించినను ధనము తరుగలేదనుట భక్తులకు ఆనందదాయకము. అయితే సంఘములను, వసతి గృహములను, మఠములను నడుపువారు ఇందులో చూడవలసినది మరియొకటి కలదు. పరుల సొమ్ము చేతిలో గలవానిని లెక్క అడుగుట అవమానము కాదు. బసవన్నను శంకించినవారు అసూయాపరులే కావచ్చును. వారి ఉద్దేశము చెడ్డదే కావచ్చును. అయినను వారి ఉద్దేశమును సాకుగా చూపి ఆయన లెక్క ఎగవేయలేదు. నేటి సంఘములలో ఎన్ని కలహములు ఈ ఒక్క సాకు మీదనే నడుచుచున్నవో చెప్పనలవి కాదు. “అడిగినవాడెవడు? వాడిచ్చిన చందా యెంత?” అను మాటయే మొదట వచ్చును. లెక్క మాత్రము రాదు.

రాయదుర్గము వంటి సీమలో ఈ విషయము కేవలము మర్యాదకు సంబంధించినది కాదు, పిల్లల చదువునకు సంబంధించినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి జిల్లానుండి రాయదుర్గము, ఆలూరు, ఆదోని తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి; బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. రాయదుర్గము అనంతపురము జిల్లాలో చేరినది. 1916లో బళ్ళారిలో స్థాపితమైన వీరశైవ విద్యావర్ధక సంఘము అంతవరకు సొంత జిల్లా సంస్థ. ఒక్క దినములో అది పొరుగు రాష్ట్రపు సంస్థ అయినది. బంధుత్వములు తెగలేదు, కన్నడము మాటలాడుటయు మానలేదు. కాని ప్రభుత్వ సహాయము, రిజిస్ట్రారు కార్యాలయము, చట్టము వేరైనవి. ఈవలి కుటుంబములు తమ సంస్థలను తామే నడుపుకొనవలసిన వారైరి.

నడుపవలసిన నేల యెట్టిది? సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు సకాలమున రాదు. హగరి యేరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనబడును. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో ఆ యిసుక గాలికి లేచి చేల మీద పడుచుండును. వేరుసెనగ పోయిన యేడు కాపు కుటుంబములు బెంగుళూరు దారి పట్టును. పట్టణములో మగ్గము మీదను, బట్టలు కుట్టు మిషను మీదను బ్రతుకువారికి కూడ చేతినిండ పని అన్ని నెలలు ఉండదు. అట్టి సంవత్సరమున తల్లిదండ్రులు వలసపోగా పిల్లవాడు బడి మానకుండ నిలుచుటకు ఒక వసతి గృహము, రెండు పూటల అన్నము కావలెను. సంఘము దగ్గర నిలువ ధనమున్నచో పిల్లవాడు నిలుచును. నిలువ ధనమంతయు మూడేండ్ల క్రిందట కల్యాణ మండపమునకు పాలరాయి పరచుటలో ఖర్చయినచో పిల్లవాడు కూడ ఇటుకబట్టీకి పోవును. పాలరాయి పరపించిన తీర్మానమున ఎవరు సంతకము చేసిరి, ఎవరు ప్రశ్నించిరి అనునది అప్పుడు తెలిసి ప్రయోజనము లేదు.

ప్రశ్నింపకపోవుటకు కారణము కార్యవర్గమును ఒక గౌరవస్థానముగా భావించుటయే. ఊరిలో పేరున్నవారికి శాలువ కప్పి, వేదికమీద కుర్చీ వేసి, అచ్చుకాగితము మీద పేరు వేయుదురు. ఆయనకు తీరిక లేదు, సమావేశమునకు రాడు, వచ్చినను కార్యదర్శి చెప్పినదానికి తల యూపి, ప్రసాదము స్వీకరించి వెళ్ళును. పేరున్నవాడు ఉండుట సంస్థకు మంచిదే. కాని తొమ్మిదిమంది సభ్యులలో తొమ్మిదిమందియు అట్టివారే అయినచో ఆ సంస్థను నడుపునది ఒక్క కార్యదర్శియో, ఒక్క అధ్యక్షుడో. అతడు మంచివాడయినంత కాలము బాగుగానే నడుచును. ఇరువది యేండ్లు నిస్వార్థముగా చేసినవాని తరువాత సంస్థ కూలిపోవుట ఎక్కువగా ఇందువలననే. ఏ కాగితము ఎక్కడ నున్నదో, ఏ బ్యాంకులో ఎంత యున్నదో, స్థలపు దస్తావేజు ఎవరి పేర నున్నదో ఆయనకొక్కనికే తెలియును.

ఈ స్థానమును కాయకముగా తలచినచో దృష్టి మారును. కాయకమునకు పనిగంటలు, పరికరములు, ఫలితము ఉండును. కార్యవర్గ సభ్యుని కాయకము చదువుట, అడుగుట, నిర్ణయించుట, ఆ నిర్ణయమునకు బాధ్యత వహించుట. వసతి గృహపు వంటశాలలో ఉప్పు చాలినదో లేదో చూచుటకు తొమ్మిదిమంది పెద్దలు అక్కర లేదు. అది వార్డెను పని. బియ్యమునకు ఈ యేడు ఎంత ఖర్చగును, ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చును, కరవు వచ్చినచో ఎన్ని నెలలు నిలువగలము అనునది వారి పని. విచిత్రమేమనగా చాల సంఘములలో ఉప్పు గూర్చి గంట చర్చ జరుగును. వార్షిక ఆదాయ వ్యయముల పట్టిక రెండు నిమిషములలో ఆమోదము పొందును.

అనుభవ మంటపమును గూర్చి ప్రతి బసవ జయంతికిని ఉపన్యాసములు జరుగుచునే యున్నవి. అది ఒక కట్టడమా, శరణుల గోష్ఠికి పెట్టిన పేరా అను విషయమున చరిత్రకారులలో భిన్నాభిప్రాయములున్నను, 15వ శతాబ్దమున కూర్చబడిన శూన్య సంపాదన దానిని ఒక సభగానే చూపుచున్నది. అందు గమనింపదగిన ఏర్పాటు ఒకటి కలదు. శరణులను చేర్చినవాడు బసవన్న, మహామనెలో అన్నము పెట్టినవాడు బసవన్న; అయినను శూన్య సింహాసనము మీద కూర్చున్నవాడు అల్లమ ప్రభువు. వ్యవస్థాపకుడు పీఠమును తాను తీసికొనలేదు. పీఠము మీద కూర్చున్నవాడు వ్యవస్థాపకునికి మొగమాటపడువాడును కాడు. సొన్నలిగెలో చెరువులు త్రవ్వించుచున్న సిద్ధరాముని చెంతకు పోయి ఆ పుణ్యకార్యమునే ప్రశ్నించినవాడాయన. అక్క మహాదేవి సభకు వచ్చినపుడు ఆమెను సైతము ప్రశ్నలతోనే ఎదుర్కొనెను. సంస్థను స్థాపించినవాడు, ధనము చూచువాడు, సభను నడుపువాడు ముగ్గురును వేరు వేరు వ్యక్తులుగా నుండవలెనని నేటి నిర్వహణ శాస్త్రజ్ఞులు చెప్పు మాటకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ లింగాయత కుటుంబములకు దొరకదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మరింత సూక్ష్మమైనది. మారయ్య కాయకము రాలిన బియ్యపు గింజలను ఏరుట. ఒకనాడు ఆయన నిత్యముకన్న ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఈ యెక్కువ యెందుకు, అక్కరకు మించినది తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపెను. మారయ్య దొంగిలింపలేదు, అబద్ధమాడలేదు. అయినను ఇంట లెక్క చూచువారొకరుండిరి. ఆమె అడిగినది నాలుగు గింజల విషయమే. నాలుగు గింజలనాడు అడుగనివారు నాలుగు లక్షలనాడు అడుగలేరు. మరియొక విషయము: ఆ యింట అడిగినది స్త్రీ. నేటి కార్యవర్గములలో లక్కమ్మ పేర మహిళా విభాగము ఒకటి పెట్టి, పూజకు పూలు తెచ్చు పని వారికి అప్పగించి, లెక్కల సమావేశమునకు పిలువకపోవుట ఏ శరణుని మతమో తెలియదు.

ఇక చట్టము సంగతి. సంఘముల నమోదునకు 1860 నాటి చట్టమే మూలము. ఆంధ్రప్రదేశ్‌లో 2001లో వేరుగా సొసైటీల నమోదు చట్టము వచ్చినది. ఏడుగురు చేరినచో సంఘము నమోదగును. సర్వసభ్య సమావేశము జరుపవలెను, కార్యవర్గపు జాబితాను ఏటేట రిజిస్ట్రారునకు పంపవలెను, లెక్కలు వ్రాయవలెను. సంఘము రద్దయినను ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. ఈ చివరి నియమము మిక్కిలి విలువైనది. సంఘపు ఆస్తి సభ్యులది కాదు, వారు దానికి కావలివారు మాత్రమే అనుటకు ఇదియే చట్టము చెప్పు సాక్ష్యము. జాబితా పంపని సంఘములు ఊరూరను కలవు. పదేండ్ల క్రిందటి పాత జాబితాయే రిజిస్ట్రారు దగ్గర నుండగా రెండు వర్గములు ‘మేమే అసలు కార్యవర్గము’ అని కోర్టుకెక్కును. న్యాయవాదుల ఫీజునకు అయిన సొమ్ముతో ఎందరు పిల్లలు చదివియుందురో ఎవరును లెక్క వేయరు.

చట్టము బాగున్నచో కార్యవర్గము మేలుకొనుననుటకు ఈ రాష్ట్రమునందే ఒక నిదర్శనము కలదు. 1964 నాటి సహకార చట్టము క్రింద ప్రభుత్వము పాలకవర్గములను రద్దు చేసి తన అధికారిని కూర్చుండబెట్టగలిగినది. ఎన్నికలు వాయిదా పడుచుండెను. సభ్యులు తమ సంఘమును సర్కారు ఆఫీసుగా భావించిరి. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము ఈ పద్ధతిని తిరుగవేసినది. అట్టి సంఘములో ప్రభుత్వ వాటా ధనముండదు. సకాలమున ఎన్నిక జరుపుట, ఆడిటు చేయించుట, సభ్యుల యెదుట లెక్క పెట్టుట పాలకవర్గపు బాధ్యత. ఆ బాధ్యత తప్పినవారు పదవికి అనర్హులగుదురు. స్వేచ్ఛ ఇచ్చి, దాని ప్రక్కనే జవాబుదారీని పెట్టినది. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆశ్రయమున గ్రామీణ స్త్రీలు నడుపుచున్న పొదుపు సహకార సంఘములు ఈ మార్గముననే పెరిగినవి. అక్షరము రాని స్త్రీ సైతము తన పొదుపు ఎంతో నోటిలెక్కగా చెప్పగలదు. పట్టభద్రుడైన సంఘ సభ్యుడు తన సంఘపు శాశ్వత నిధి ఎంతో చెప్పలేడు.

అనంతపురము జిల్లాలో సేవాసంస్థ అనగానే ఎవరికైనను మొదట తోచునది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ కరవునేలకు వచ్చి స్థాపించిన ఆ సంస్థ ఇండ్లు, బడులు, ఆసుపత్రులు కట్టినది. రాయదుర్గమునకు చేరువనున్న కణేకల్లులోని ఆసుపత్రియు దానిదే. అంత పెద్ద వ్యక్తి చుట్టును పెరిగిన సంస్థకు ఆయన తరువాత గతి యేమి అను ప్రశ్న తప్పదు. 2009 జూన్ 19న ఆయన మరణించినాడు, పని ఆగలేదు. ఆయన భార్య ఆన్ ఫెర్రర్, కుమారుడు మాంచో ఫెర్రర్, వందలాది స్థానిక ఉద్యోగులు అప్పటికే బాధ్యతలలో నుండిరి. విరాళముల సేకరణకై స్పెయిన్ దేశమున 1996లోనే ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడియుండెను. అనగా వారసత్వపు ఏర్పాటు మరణము నాటికి పదమూడేండ్ల ముందే మొదలైనది. నాయకుని కుటుంబమే నాయకత్వమున నుండుట మంచిదా కాదా అని వాదింపవచ్చును; ఏర్పాటు లేకుండుటకన్న అది మేలనుటలో వాదము లేదు.

ఆ సంస్థ అనుభవమున రెండవ భాగము కూడ కలదు. విదేశీ విరాళములపై 2010 నాటి చట్టమును 2020లో సవరించి బిగించిరి: సొమ్ము ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖకు రావలెను, ఇతర సంస్థలకు పంచరాదు, పాలనా వ్యయము నూటికి ఇరువదికి మించరాదు. 2025లో ట్రస్టు అనుమతి పునరుద్ధరణకు చిక్కు ఏర్పడగా జిల్లా ప్రజలు వీధులలోనికి వచ్చి తమ సంస్థను కాపాడుమని కోరిరి. లబ్ధి పొందినవారు సంస్థను ‘మాది’ అని నిలబడుట ఏ పాలకవర్గమునకైనను గొప్ప ఆస్తి. అయితే ఒకే దారిన వచ్చు ధనముపై ఆధారపడిన సంస్థ ఆ దారి మూసికొన్ననాడు ఎట్లుండును అను ప్రశ్నను చిన్న సంఘములు కూడ వేసికొనవలెను. రాయదుర్గపు సంఘమునకు విదేశీ ధనము రాకపోవచ్చును. కాని ఇద్దరు వ్యాపారుల చందా మీదనే వసతి గృహము నడుచుచున్నచో ప్రమాదము అట్టిదే.

మఠముల విషయము కొంత వేరు. స్వామివారు కేవలము మేనేజరు కారు. గురుపీఠము ఎన్నికకు పెట్టునది కాదు. 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ భేదమును తేటపరచినది. మతవిషయములను నిర్ణయించుకొను స్వేచ్ఛ ఆ సంప్రదాయమునకే ఉండును. మఠాధిపతి పదవియందు బాధ్యతయు, హక్కును కలసియున్నవి. కాని ఆస్తి నిర్వహణను చట్టము క్రమబద్ధము చేయవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి దేవాదాయ చట్టమున మఠములకు ప్రత్యేక అధ్యాయము కలదు. భక్తులలో కొందరు స్వామివారిని లెక్క అడుగుట అపచారమని భావింతురు. అట్టి సంకోచమునకు తావులేకుండ చేయుట స్వామివారి చేతిలోనిదే. సుత్తూరు మఠము 1954లో జగద్గురు శివరాత్రీశ్వర మహావిద్యాపీఠమును స్థాపించి విద్యాసంస్థలను ప్రత్యేక సంస్థ క్రింద నడుపుట ప్రారంభించినది. పూజ, దీక్ష, ఉపదేశము పీఠమున. జీతములు, ఫీజులు, కట్టడములు విద్యాపీఠపు రికార్డులలో. భక్తుడు గురువు పాదములకు నమస్కరించి, ప్రక్క గదిలో పద్దుల పుస్తకము చూడవచ్చును. రెండింటికిని విరోధము లేదు.

పెద్ద సంస్థలను చూచి చిన్న సంఘము నిరాశపడనక్కర లేదు. బెళగావిలో 1916లో కర్ణాటక లింగాయత విద్యాసంస్థను ప్రారంభించినవారు ఏడుగురు ఉపాధ్యాయులు, సంపన్నులు కారు. రాయదుర్గపు సంఘము తన తదుపరి సమావేశముననే చేయగల పనులు కొన్ని కలవు. స్థలము, భవనము, డిపాజిట్లు వ్యక్తుల పేరనున్నచో సంఘము పేరకు మార్పించుట మొదటిది. ఇది ఆ వ్యక్తి జీవించియుండగనే జరుగవలెను, వారసులు వచ్చిన తరువాత కష్టము. చెక్కుమీద రెండు సంతకములు, ఆ ఇద్దరును ఒకే యింటివారు కాకుండుట. దాత ఒక పనికై ఇచ్చిన నిధిని ఆ పనికే ప్రత్యేక పద్దులో నుంచుట. చర్చనీయాంశములను, లెక్కలను వారము ముందుగ సభ్యులకు అందజేయుట. మండపపు అంగడి గది బాడుగ సభ్యుని బావమరదికి ఇచ్చు ప్రసక్తి వచ్చినపుడు ఆ సభ్యుడు లేచి వెలుపలికి పోవుట, పోయినట్లు మినిట్సులో వ్రాయుట. ఇది అతనిని అనుమానించుట కాదు. రేపు ఎవరైనను అనుమానించినపుడు అతనికి రక్ష.

పదవీకాలపు హద్దు గూర్చి అభిప్రాయభేదములు సహజము. మంచి అధ్యక్షుని మూడేండ్లకే దింపుట నష్టమని కొందరందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. అందరిని ఒక్కసారి మార్చక, ఏటేట మూడవ వంతు స్థానములను మార్చినచో పాతవారి అనుభవము, కొత్తవారి ప్రశ్నలు రెండును నిలుచును. తప్పుకొన్న పెద్దలకు సలహాసంఘమున స్థానమీయవచ్చును. ఓటు మాత్రము ఉండరాదు. కొత్త సభ్యునికి నియమావళి ప్రతి, మూడేండ్ల ఆడిటు నివేదికలు ఇచ్చి, వసతి గృహమున ఒక పూట పిల్లలతో భోజనము చేయించినచో అతడు మొదటి సమావేశముననే ప్రయోజనకరమైన ప్రశ్న అడుగగలడు.

లెక్క చదువుటకు తగిన దినము కూడ కలదు. ఆర్థిక సంవత్సరము మార్చి 31న ముగియును. బసవ జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా ఏప్రిల్, మే నెలలలో వచ్చును. వలసపోయినవారు పలువురు పండుగకు ఊరు చేరియుందురు. ఆడిటు పూర్తి కాకున్నను, ఆ సభలో ఉపన్యాసములకు ముందు కోశాధికారి నిలిచి వచ్చినదెంత, పోయినదెంత, నిలువ ఎంత, ఎందరు పిల్లలు చదివిరి అను నాలుగు సంగతులను తెలుగునను కన్నడమునను చదువవచ్చును. ప్రశ్నలకు అరగంట యిచ్చి, అడిగినవాని పేరును ప్రశ్నను పుస్తకమున వ్రాసికొని, ఆడిటయిన లెక్కతోపాటు శరదృతువులో జరుగు సర్వసభ్య సమావేశమున వానికి జవాబు చెప్పవలెను. దాసోహపు పంక్తి ఆ తరువాత.